ప్రార్థనలో విన్న ఓట్లు

పెన్‌పహాడ్ దాటి మూడు కిలోమీటర్లు పోతే కాలువకట్ట పక్కన వస్తుంది ఆ ఊరు. అక్కడ ఎవరింట్లో ఏ కష్టం వచ్చినా ముందు తెలిసేది శాంతకుమారికి. ఆమె డాక్టరు కాదు, పెద్దమనిషీ కాదు. బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే మనిషి. పుట్టింది కోదాడ దగ్గర, చదివింది ఏడో తరగతి. మత్తయ్యను చేసుకుని ఈ ఊరికి వచ్చి ఇరవై తొమ్మిదేండ్లయినా ఆమె నోట్లోంచి "వచ్చానండి, వెళ్తానండి" పోలేదు. "నువ్వు మాట్లాడుతుంటే కోదాడ బస్సెక్కినట్టుంటదక్కా" అని వాడలో ఆడవాళ్లు నవ్వేవారు. ఆమే ముందు నవ్వేది.

ప్రతి గురువారం పొద్దు వాలేవేళ ఎవరో ఒకరి ఇంట్లో ఆడవాళ్ల కూడిక. ఒక పాట, బైబిల్లో ఒక అధ్యాయం, ఆ తర్వాత విన్నపాలు. కొంగు నెత్తిమీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, ఒక్కొక్కరు మనసులో ఉన్నది చెప్పుకుంటారు. కొడుకు తాగుడు, కోడలి కడుపు, ఆవు పాలియ్యకపోవడం, అన్నీ అక్కడికే వస్తాయి. శాంతకుమారి ఒక్కరి పేరూ మరవకుండా అందరికోసం ప్రార్థన చేసేది. కుట్టుమిషను వైష్ణవి వాళ్ల మతం కాకపోయినా వచ్చి మూలకు కూర్చునేది. "నాకు మీ పాటలు రావు. గీడ కూసుంటే పానం నిమ్మళమైతది" అనేది. చాపలు పరిచేది, అయిపోయాక గ్లాసులు కడిగేది. ఎవరూ చెప్పేవారు కాదు, ఆమే చేసేది.

ఇరవై ఏండ్లుగా అట్లా విన్న మాటల్లో ఒక్కటి కూడా శాంతకుమారి నోరు దాటి రాలేదు. "శాంతమ్మక్కకు చెప్తే బాయిల రాయేసినట్టే" అని వాడలో పేరు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమెకు లోపల ఎక్కడో తియ్యగా ఉండేది.

డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సర్పంచికి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు జగదీశ్. వాళ్ల నాయన పదేండ్లు సర్పంచి చేసినవాడు. జగదీశ్‌కు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది, వాడలోంచి ఏడెనిమిది మంది అందులోనే పని చేస్తారు. ఆయన గుర్తు ఉంగరం. రెండోవాడు ఆటో నడిపే వెంకన్న. గుర్తు కత్తెర. వెంకన్న నామినేషను వేసిన రోజు ఊరు నవ్వింది. "నీ ఆటోకు బ్రేకులు లేవు, నువ్వు ఊరికి బ్రేకులేస్తవా?" అని హోటలు దగ్గర ఎగతాళి చేశారు. వారం తిరిగేసరికి ఆ నవ్వు తగ్గింది. ఎవరూ ఏమీ అనలేదు, కానీ అతని ఆటో పోతుంటే చెయ్యెత్తేవాళ్లు ఎక్కువయ్యారు. ఎండలోనో వానలోనో అతని ఆటోలో దవాఖానకు పోనివాళ్లు ఆ ఊళ్లో తక్కువ.

సూర్యాపేట నుంచి సర్వే పోరగాండ్లు ఫోన్లు పట్టుకుని వస్తే అందరూ ఉంగరమే అన్నారు. మర్నాడు వెంకన్న దండం పెట్టుకుంటూ వస్తే కత్తెర అన్నారు. ఒక ముసలమ్మయితే "ఇద్దరికీ ఏస్తం బిడ్డా, ఒకరికి పొద్దుగాల, ఒకరికి మాపు" అన్నది. "ఒంటిగంటకే ఖతమైతదే అవ్వా" అంటే, "గట్లనా, అయితే జర జల్ది ఏస్తం" అన్నది.

అందుకే జగదీశ్ మేనల్లుడు హరీష్ ఒకనాడు పొద్దున్నే శాంతకుమారి ఇంటికి వచ్చాడు.

"అత్తమ్మా, ఉన్నవా?"

నెల కిందటిదాకా అతను ఆమెను "శాంతమ్మా" అనేవాడు. ఎన్నికలు వరసలు కలుపుతాయి.

"రండి చిన్నపటేలా. కూర్చోండి, టీ పెడతాను."

"టీ వద్దు. పొద్దుగాల నుంచి పదహారిండ్లల్ల తాగిన. కడుపు టీ డబ్బా అయింది." చంకలోంచి ఓటరు లిస్టు తీసి మంచం మీద పరిచాడు. "ఇది మీ వాడది. మనోళ్లకు టిక్కు పెట్టు. వాళ్లోళ్లకు ఇంటు పెట్టు. ఎటూ తేలనోళ్లకు సున్న. గంతే పని."

"నాకేం తెలుసండి?"

"నీకు తెల్వకుంటే ఇగ ఎవరికి తెలుస్తది? సర్వే సూస్తే ఊరు ఊరంతా మాకే ఏస్తున్నది. గట్ల యాడనన్న ఉంటదా? మామ శాన పరేషాన్ అవుతుండు, అత్తమ్మా. అన్నం గూడ సక్కగ తింటలేడు."

హరీష్ వాకిట్లో కుర్చీలో ఉన్న మత్తయ్య వైపు తిరిగాడు. "మామా, మంచిగున్నవా? ఇప్పుడు నడుస్తున్నవా?"

అంతే అన్నాడు. కారు మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేదు.

రెండేండ్ల కింద మత్తయ్యకు పక్షవాతం వచ్చినప్పుడు అంబులెన్సు రావడం ఆలస్యమైతే, అటుగా పోతున్న జగదీశ్ తన కొత్త కారాపి, తనే చంకలో చెయ్యేసి లేపి పడుకోబెట్టుకున్నాడు. దారిలో మత్తయ్య తెల్లటి సీటు మీద కక్కుకున్నాడు. "కానియ్యి, కడిగితే పోతది" అన్నాడు జగదీశ్. సూర్యాపేట దవాఖానలో చీటీ కోసం వరసలో తనే నిలబడ్డాడు. ఆనాటి నుంచి శాంతకుమారి ప్రార్థనల్లో ఆయన పేరు లేని రోజు లేదు.

ఆమె కళ్లద్దాలు పెట్టుకున్నది. హరీష్ ఇచ్చిన పెన్ను తీసుకున్నది.

మొదట సులువుగానే పోయింది. అందరికీ తెలిసిన పేర్లు, టిక్కు, టిక్కు, ఇంటు. కొన్ని పేర్ల తర్వాత చెయ్యి ఆగింది. ఆగినచోటల్లా ఆమెకు గురువారం నాటి గొంతులు వినపడ్డాయి. కూడికకు వచ్చే జమునా ఏమని ఏడ్చింది, ఆమె తోడికోడలు ఎవరికోసం ప్రార్థించమన్నది. ఆ గొంతును బట్టి టిక్కో, ఇంటో, సున్నో పెడుతూ పోయింది. ఇది సరైందేనా అని ఒకసారి తోచింది. కానీ ఆమెకు చిన్నప్పటి నుంచి ఒకటే భయం, అబద్ధం అంటే భయం. పెన్ను పట్టినాక లేనిది రాస్తే పాపం కదా అనుకున్నది. చెప్పకూడనిది చెప్పడం కూడా పాపమేనన్న సంగతి ఆ పొద్దు ఆమెకు తట్టలేదు.

సాయి పేరు వచ్చింది. జగదీశ్ మిల్లు లారీ డ్రైవరు. టిక్కు. దాని కింద అతని భార్య దీవెన.

రెండు గురువారాల కింద దీవెన కొంగు కప్పుకుని, పక్కనున్న శాంతకుమారికి తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా, వెక్కుతూ చెప్పుకున్నది: "ప్రభువా, నా భర్త ఉంగరానికే ఏస్తరు, నన్నూ అదే ఏయమంటున్నరు. నా మనసేమో వెంకన్నన్న దిక్కున్నది. నొప్పులొచ్చిన్నాడు ఈయన లారీ మీద కాకినాడ పోయిండు. ఆ వానల ఆటో నెట్టుకుంట తీస్కపోయింది వెంకన్నన్న. పిల్ల ఏడ్సేదాంక వార్డు బయట నిలవడ్డడు. నా భర్తను ఎదిరించకుండ ఎట్లనో నువ్వే దారి సూపియ్యి."

సున్న పెట్టొచ్చు. సున్న పెడితే ఎవరికీ ఏమీ కాకపోయేది. శాంతకుమారి ఇంటు పెట్టింది.

"అరె, ఈమె మన సాయి పెండ్లం గదా?" అన్నాడు హరీష్.

"ఆ అమ్మాయి మనసు వేరేగా ఉందండి" అన్నది శాంతకుమారి.

మూడోనాడు మిల్లు గేటు దగ్గర, హమాలీలందరి ముందు, హరీష్ సాయితో అన్నాడట: "లారీ తోలుడొచ్చు గని నీకు ఇల్లు తోలుడు రాదురా." సాయి తల దించుకుని ఇంటికొచ్చి దీవెనను అడిగాడు. ఆ పిల్ల అబద్ధమాడలేదు. అతను కొట్టలేదు, తిట్టలేదు. బట్టలు సంచిలో పెట్టించి, ఏడాది కూతురు చరితతో సహా బస్సు దగ్గరికి తీసుకొచ్చాడు. "ఎలక్షన్ అయినంక రా. అప్పటిదాంక మీ అమ్మతాన ఉండు" అన్నాడు. దీవెన పుట్టిల్లు మిర్యాలగూడ. ఓటు పేరు మాత్రం పెండ్లయ్యాక పట్టుబట్టి ఈ ఊరికి మార్పించుకున్నది. ఈ ఊళ్లో వేయబోయే మొదటి ఓటది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఎదురుగా వైష్ణవి కనపడింది. ఇద్దరి ఇండ్లకు మధ్య ఒకటే గోడ.

"మా ఇంట్ల నేను జేస్కునే ప్రార్థన నీకు గాక ఎవరికి ఇనపడతది?" అని దీవెన అరిచింది. "గోడకు చెవు పెట్టుకొని కూసుంటవా? నువ్వూ ఒక అక్కవేనా?"

వైష్ణవి మొహం పాలిపోయింది. "నేను గాదు దీవెనా" అన్నది. "పిల్లకు టోపీ పెట్టు, బస్సుల గాలి తగుల్తది" అన్నది.

బడికి కూరగాయల సంచి మోసుకుపోతూ శాంతకుమారి పది అడుగుల దూరంలోనే ఉన్నది. సంచి బరువుగా ఉన్నట్టు ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకుని నడిచిపోయింది.

ఆ రోజు నుంచి వాడలో ఎవరూ వైష్ణవికి జాకెట్లు ఇవ్వలేదు. నల్లా దగ్గర ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. శాంతకుమారి అన్నీ చూసింది. రేపు చెప్తా, రేపు చెప్తా అనుకున్నది. ఆ రేపు రాకుండా పప్పు మెదిపింది, పిల్లలకు గుడ్లు ఒలిచింది.

గురువారం జమునా ఇంట్లో కూడిక. వైష్ణవి రాలేదు. చాపలు ఎవరు పరచాలో తెలియక ఆడవాళ్లు కొంచెంసేపు అట్లాగే నిలబడ్డారు. విన్నపాల వేళ జమునా అన్నది: "మాటలు మోసెటోళ్ల నోరు దేవుడు ముయ్యాలె. ఆడపిల్ల కాపురంల నిప్పు పోసినోళ్లకు సిగ్గు రావాలె. గిది గట్టిగ జెయ్యక్కా." అందరూ శాంతకుమారి ప్రార్థన కోసం తలలు వంచారు. ఆమె "పరిశుద్ధుడవైన తండ్రీ" అన్నది. తర్వాత మాట రాలేదు. మళ్లీ "తండ్రీ" అన్నది. గొంతు పట్టేసిందని చేత్తో సైగ చేసింది. జమునా లేచిపోయి జీలకర్ర వేసి వేడినీళ్లు తెచ్చి, గ్లాసు ఆమె చేతిలో పెట్టి వీపు నిమిరింది. ఆ చెయ్యి వీపు మీద ఉన్నంతసేపు శాంతకుమారికి నేల చీలితే బాగుండుననిపించింది.

ఇంటికొచ్చి మత్తయ్యతో చెప్పింది. ఆయనకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. చాలాసేపు విన్నాడు.

"మేలు... నాకు జేసిండు," అన్నాడు. "దీవెననిచ్చి... తీర్చుకుంటరానే?"

పోలింగుకు ముందురోజు పొద్దున ఆమె మిర్యాలగూడ బస్సెక్కింది. ఆధారు కార్డు చూసి కండక్టరు ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు చేతిలో పెట్టాడు. నిలబడితే ఎవరో చదువుకునే పిల్ల లేచి సీటిచ్చింది. "కూసో అమ్మమ్మా" అన్నది. వద్దన్నా వినలేదు. మిర్యాలగూడలో దిగితే వరుసగా నిలబడ్డ వడ్ల లారీలు, గాలిలో ఊక దుమ్ము, ఉప్పుడు బియ్యం వాసన. మిల్లుల వెనక సందులో దీవెన తల్లిగారిల్లు.

తలుపు తీసిన దీవెన మొహం వెలిగిపోయింది. "అత్తా! నన్ను తీస్కపోనీకి వచ్చినవా? వస్తవనుకున్న. మా ఆయనకు నువ్వు జెప్తే ఇంటడు. మొన్నటి నుంచి గదే ప్రార్థన చేస్తున్న."

కూర్చోబెట్టి కంచం పెట్టింది. శాంతకుమారికి కారం పడదని గుర్తుంచుకుని, పోపులో మిరపకాయలు ఏరి పక్కన పెట్టి పప్పు వడ్డించింది. శాంతకుమారి రెండు ముద్దలు తిన్నది. మూడోది కలిపి అట్లాగే ఉంచింది.

"వైష్ణవి కాదు బిడ్డా" అన్నది. "ఆ గుర్తు నేను పెట్టాను."

"ఏం గుర్తు?"

చెప్పింది. లిస్టు, టిక్కులు, ఇంటు, సున్న పెట్టకపోవడం, బస్సు దగ్గర సంచి చేతులు మార్చుకుని నడిచిపోవడం, ఏదీ దాచలేదు. చరిత పాక్కుంటూ వచ్చి ఆమె కొంగు పట్టుకుంటే దీవెన పిల్లను మెల్లగా తనవైపు లాక్కున్నది.

"నేను నీకు జెప్పలే అత్తా" అన్నది చివరికి. గొంతు పెంచలేదు. "దేవునికి జెప్పిన. నువ్వు పక్కన కూసున్నవ్. గంతే."

"క్షమించు బిడ్డా."

"నోటితోని అనుమంటే అంట. లోపలికెల్లి వస్తలేదు. నేను మా అమ్మకు గూడ జెప్పలే ఆ మాట. అందరి ముంగట వైష్ణవక్కను నానా మాటలన్న. ఆ మాటలు నేను తియ్యలేను. నువ్వు తియ్యాలె. అందరి ముంగట."

"చెప్తాను. రేపు ఓటుకు రా. సాయితో నేను మాట్లాడతాను."

"వద్దు" అన్నది దీవెన. "ఇగ నా తరఫున నువ్వు ఎవ్వరితోని మాట్లాడకు."

అయినా చెంబుతో నీళ్లు తెచ్చి చేతుల మీద పోసింది. నీళ్లు బయట పోకుండా చెంబు దగ్గరికి వంచింది.

పోలింగు నాడు బడి వెనక రేకుల షెడ్డులో శాంతకుమారి ఎన్నికల సిబ్బందికి వంట చేసింది. అక్కడి నుంచి ఓటర్ల వరస కనపడుతుంది. టిక్కు పెట్టినవాళ్లు జగదీశ్ పంపిన ఆటోల్లో వచ్చారు. ఇంటు పెట్టినవాళ్లు నడిచి వచ్చారు. పన్నెండు దాటింది. పావుతక్కువ ఒంటిగంటకు దీవెన వచ్చింది. చంకలో పిల్ల, కాళ్ల నిండా దుమ్ము. దూరంగా ఉంగరం టేబులు దగ్గర కూర్చున్న సాయి లేచి నిలబడ్డాడు. ఆమె నేరుగా అతని దగ్గరికి పోయింది, పిల్లను అతని చేతుల్లో పెట్టింది, వచ్చి వరసలో నిలబడింది. సాయి ఎండ పడకుండా పిల్ల మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆమె బయటికి వచ్చేదాకా అట్లాగే నిలబడ్డాడు.

లెక్కింపు మధ్యాహ్నమే అయిపోయింది. జగదీశ్ పద్నాలుగు ఓట్లతో గెలిచాడు. మెడ నిండా దండలతో షెడ్డు దాకా వచ్చి ఆమెకు రెండు చేతులూ జోడించాడు. "నువ్వు సున్నలు పెట్టినోళ్ల ఇండ్లే తిరిగిన శాంతమ్మా, మళ్ల మళ్ల తిరిగిన. లేకుంటే మునుగుతుంటి" అన్నాడు. ఆయన మనసులో కల్మషం లేదు. నిజంగానే కృతజ్ఞత చెప్తున్నాడు. ఆమె గరిటె చేతిలో పట్టుకుని నేల చూసింది. బయట ఓడిపోయిన వెంకన్న, నడవలేని ముసలివాళ్లను ఆటోలో ఎక్కించుకుంటున్నాడు. "ఎవరికేసినవే అవ్వా?" అని ఎవరో అడిగితే, "గది అడగొద్దన్నా, కాళ్లు పైకి పెట్టుకో అవ్వా" అంటున్నాడు.

గురువారం కూడిక వైష్ణవి వాకిట్లో అని శాంతకుమారి ఇంటింటికీ తిరిగి చెప్పింది. "ఆమె ఇంట్లనా?" అని మొహాలు ముడిచారు, కానీ అడిగింది శాంతమ్మక్క కాబట్టి వచ్చారు. సాయి ఇంటికి తిరిగొచ్చిన దీవెన కూడా వచ్చింది, అందరికంటే వెనక కూర్చున్నది. వైష్ణవి ఏమీ తెలియక చాపలు పరిచింది.

పాట లేదు, అధ్యాయం లేదు. శాంతకుమారి నిలబడి చెప్పింది. కోదాడ మాటలో, ఒక్కొక్కటి. జమునా పేరు ముందు ఏ గుర్తు పెట్టిందీ, ఏ విన్నపాన్ని బట్టి పెట్టిందీ కూడా చెప్పింది. "వైష్ణవి ఏ తప్పూ చేయలేదు. నేను చూస్తూ ఊరుకున్నాను" అన్నది.

ఎవరూ తిట్టలేదు. తిడితే తేలికయ్యేది. ఒక్కొక్కరు తాము ఎప్పుడెప్పుడు ఏమేం చెప్పుకున్నారో లోలోపల వెనక్కి పోయి వెతుక్కుంటున్నట్టు కూర్చున్నారు. జమునా కొంగు నెత్తి మీది నుంచి తీసేసింది.

"విన్నపాలు..." అన్నది శాంతకుమారి, అలవాటు కొద్దీ.

"నాదేం లేదక్కా" అన్నది జమునా. "నాదీ లేదు" అన్నది పక్కనామె. వరస చివరిదాకా అదే మాట పోయింది.

అప్పుడు మూల నుంచి వైష్ణవి లేచింది. చేతులెట్లా పెట్టాలో తెలియక దండం పెట్టుకున్నది. "సామీ, నాకు మీ లెక్క చెయ్య రాదు" అన్నది. "ఈ అక్క నాలుగు రోజుల నుంచి సక్కగ అన్నం తింటలేదంట, మత్తయ్యన్న జెప్పిండు. తినేటట్టు జెయ్యి. గంతే సామీ."

కొంచెంసేపటికి ఒకరి వెనక ఒకరుగా "ఆమెన్" అన్నారు. జమునా కూడా అన్నది. కళ్లు మూసుకున్న శాంతకుమారి, వెనక వరసలోంచి రావాల్సిన ఒక గొంతు కోసం చెవులు రిక్కించి విన్నది. అది రాలేదు.